గౌరమ్మను పెట్టకముందు

ఈ ప్రయాణం గురించి ఇంతకుముందు రాయకపోవడానికి మొదటి కారణం చాలా చిన్నది. నాకు రాయడం రాదు. హైదరాబాద్ వెళ్ళి వచ్చింది రెండు వేల పన్నెండులో, కార్తీకం వెళ్ళాక. అప్పటికే నాకు యాభై దాటాయి. బస్సు మీద ఊరి పేరు ఎవరినైనా అడిగి ఎక్కడమే తప్ప చదివి ఎక్కింది లేదు. ఆ తర్వాతి ఏడు మా మహిళా సంఘం గదిలో సాయంత్రాలు కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది మా చెల్లెలి కూతురు సుజాత. సర్కారు ఉద్యోగం పరీక్షల కోసం అశోక్‌నగర్‌లో మూడేళ్ళు చదివి, నోటిఫికేషన్ రాక, ఇంటికి వచ్చేసి, ఏమీ తోచక మాకు పలకలు పట్టించింది. ఆమెకు రాని ఉద్యోగం వల్ల నాకు చదువు వచ్చింది. సంతోషించాలో లేదో నాకిప్పటికీ తెలియదు.

రెండో కారణం కూడా ఉంది. నోటితో ఈ కథ చాలాసార్లు చెప్పాను. నాతో వచ్చిన ఎల్లవ్వ కూర్చున్న చోటుకు రాగానే వినేవాళ్ళు నన్ను ఆపి ఆమెను తిట్టడం మొదలుపెడతారు. తిట్లు అయ్యేసరికి మిగతా కథ ఎవరికీ అక్కరలేకుండా పోతుంది. కాగితం మీద నన్నెవరూ ఆపలేరు. చివరిదాకా చదివి ఆ తర్వాత తిట్టుకోండి.

ఎందుకు వెళ్ళామంటే

మాది జగిత్యాల దగ్గర పల్లె. ఏడాదిలో ఎక్కువ రోజులు బీడీలు చుడతాం, పెళ్ళిళ్ళ కాలంలో సకినాలు చుడతాం. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను: తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, వేళ్ళ మధ్య సన్నగా మెలితిప్పుతూ, తెల్లబట్ట మీద ఒక చుట్టు చుట్టూ ఇంకో చుట్టు పోసి, కాస్త ఆరాక నూనెలో వేస్తాం. మా దిక్కు సకినాలు లేకుండా ఆడపిల్ల సారె గడప దాటదు.

పని మొదలుపెట్టే ముందు అదే పిండితో చిన్న గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, బట్ట మీద ఓ మూలన కూర్చోబెడతాం. గౌరమ్మ కూర్చున్నాక పిండి అయిపోయేదాకా ఎవరూ లేవకూడదు. కూలి మాట అసలే ఎత్తకూడదు. ఎత్తితే ఆ ఇంటికి మంచిది కాదంటారు. పని ముగిశాక ఇంటివాళ్ళు బొట్టుపెట్టి ఎంత ఇస్తే అంత కొంగున కట్టుకుని వస్తాం. ముప్ఫై ఏళ్ళుగా నేను చేసింది అదే. బీడీల దగ్గరా అంతే. కార్ఖానా ఆయన బాగాలేవంటూ మా కట్టల్లోంచి తీసి పక్కన పడేసినవి సాయంత్రం ఆయనే సంచిలో వేసుకుపోతుంటే చూస్తూ కూర్చునేవాళ్ళం.

ఆ ఏడు మా ఊరి పెళ్ళికి హైదరాబాద్ చిక్కడపల్లి నుంచి రాజేశం సేటు వచ్చాడు. పుట్టింది మా దిక్కే. చిన్నప్పుడే పట్నం చేరి, పిండివంటల దుకాణం పెట్టుకున్నాడు. సకినం కొరికి, చేసిందెవరని అడిగి, మా దగ్గరికే వచ్చాడు.

"చేతులు కావక్కా, మిషన్లు. ఒక్కసారి పట్నం రాండ్రి. కూసోని మాట్లాడుకుందాం" అన్నాడు.

మా సంఘంలో సకినాలు చుట్టే ఆడవాళ్ళం పదిమందిమి. కూర్చుని ఒక్క మాట మీదికి వచ్చాం: పని మన ఊళ్ళోనే చేస్తాం, సేటు బండి పంపి సరుకు తీసుకుపోవాలి. ఊళ్ళో అయితే పదిమందికి పని. పట్నంలో అయితే ఇద్దరికి. ఇంతకన్నా పెద్ద సంగతి ఏమీ లేదు ఇందులో. ఆ మాట అడిగి రావడానికి, నోరున్నదాన్నని నన్ను పంపారు.

నాతో మా తోడికోడలు ఎల్లవ్వ వచ్చింది. ఒకే బట్టకు ఆ పక్క ఆమె, ఈ పక్క నేను కూర్చుని చుడతాం. మా ఇద్దరి వరసలు నడుమకు వచ్చి కలిస్తే ఎవరిది ఏదో చెప్పలేరు. మా మరిది పోయినప్పటి నుంచి ఎల్లవ్వ మా ఇంటి వసారాలోనే ఉంటుంది. మాట్లాడే మనిషి కాదు. అందుకే తోడు తీసుకెళ్ళాను. ఇద్దరం మాట్లాడితే బేరం చెడుతుందని నా తెలివి.

అశోక్‌నగర్

దిగాల్సిన చోట దిగకుండా విద్యానగర్ దాకా పోయాం. కండక్టర్ స్టాపు పేరు అరిచాడట, మాకు వినబడలేదు. బయట బోర్డులు మాత్రం ఇంటింటికీ ఉన్నాయి, వాటితో మాకేం పని. సంచులు మోస్తూ వెనక్కి నడిచాం. దారిలో తాగిన చాయ మా ఊళ్ళో రెండు చాయల ధర. గ్లాసు మాత్రం మా దానిలో సగం. ఎల్లవ్వ గ్లాసు అడుగున చూసి, "అయిపోయిందా?" అని నన్నడిగింది.

సుజాత ఉండే హాస్టల్ అశోక్‌నగర్‌లో ఒక సందులో ఉంది. ఆ వీధుల్లో ఇళ్ళ కన్నా బోర్డులు ఎక్కువ: కోచింగ్ బోర్డులు, హాస్టల్ బోర్డులు, జిరాక్స్ బోర్డులు. లైబ్రరీ ఆవరణలో చెట్ల కింద పిల్లలు పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. మా ఊళ్ళో ఆ వయసు పిల్లలు అంతమంది ఒకచోట నిశ్శబ్దంగా కూర్చున్నారంటే ఎవరో పోయారని అర్థం.

గదిలో నలుగురు ఆడపిల్లలు. మెస్ అన్నం తిన్నాం. పప్పులో నీళ్ళు పోశారో, నీళ్ళలో పప్పు వేశారో చెప్పడం కష్టం. పైగా మా ఇద్దరికీ విడిగా పైసలు కట్టించుకున్నారు. మా దిక్కు ఇంటికి వచ్చినవాళ్ళ తిండికి లెక్క కడితే ఊరంతా చెప్పుకుంటారు. సుజాత నవ్వి, "ఈడ చుట్టాలకు రేటుంటది పెద్దమ్మా" అంది.

తినడం అయ్యాక సుజాత అడిగింది. "రేపు సేటు దగ్గరికి పొయ్యంగనే ఏమంటవ్?"

"బాగున్నవా సేటూ అంట."

"అన్నంక?"

"అన్నంకేముంది. నువ్వే చూసి చెయ్యి బిడ్డా అంట."

నలుగురూ నెత్తి కొట్టుకున్నారు.

"గా మాట అన్నవంటే నీ పని ఖతం పెద్దమ్మా. ఇయ్యాల మనం మాక్ ఇంటర్వ్యూ పెట్టుకుందాం" అంది సుజాత. ఉద్యోగానికి ఎంచే పెద్దలు ఎట్లా ప్రశ్నలు వేస్తారో ఈ పిల్లలు తమలో తాము ఆడుకుంటూ అభ్యాసం చేస్తారట. ఆ ఆట పేరు అది.

ఖమ్మం పిల్ల ఒకతె చున్నీని తువ్వాలలా భుజాన వేసుకుని, మంచం మీద కాలు మీద కాలేసుకుని సేటు అయింది.

"ఏం కావాలమ్మా?"

"పని మా ఊళ్ళెనే చేస్తం. మీరు బండి పంపాలె."

"కుదరదు."

"సరే మరి" అన్నాను.

గది దద్దరిల్లేలా నవ్వారు. సుజాత నా గడ్డం పట్టుకుంది. "సరే అనుడు కాదు పెద్దమ్మా! కుదరదు అన్నంక నువ్వు ఊకుండాలె. నోరు మూసుకోని ఆయన మొఖమే చూడాలె. ఎవరు ముందు మాట్లాడితే వాళ్ళే దిగొస్తరు."

మళ్ళీ మొదలుపెట్టాం. కుదరదు అంది. నేను చూశాను. ఆమె చూసింది. చివరికి ఆమే ఫక్కున నవ్వి, "అమ్మో, ఈమె చూపుకు బండేంది, లారీ పంపుతా" అంది. ఎల్లవ్వ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"చిన్నమ్మా, నువ్వు గూడ రా" అంది సుజాత.

"నాకెందుకు బిడ్డా. అక్క మాట్లాడ్తది గద."

అంటూనే ఆమె గోడ దగ్గరి నుంచి కాస్త ముందుకు జరిగి కూర్చుంది. నేను చూశాను గానీ పట్టించుకోలేదు.

నాకు బేరం నేర్పిన ఆ నలుగురిలో ఒక్కరికీ ఉద్యోగం లేదు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందని అడిగితే ఒకతె రాష్ట్రం వచ్చాక అంది, ఒకతె ఎన్నికలు వచ్చాక అంది, ఖమ్మం పిల్ల తనకు పెళ్ళయ్యాక అంది. వాళ్ళు నోరు మూసుకుని చూద్దామన్నా ఎదురుగా ఎవరూ లేరు.

చిక్కడపల్లి

రాజేశం సేటు దుకాణం పెద్ద రోడ్డు మీద నుంచి లోపలికి, కూరగాయలు అమ్మే సందు చివర ఉంది. కింద దుకాణం, పైన పని. మమ్మల్ని చూడగానే గల్లా దగ్గర నుంచి లేచి వచ్చాడు. లేచి రావడం నేను ఊహించలేదు. ముప్ఫై ఏళ్ళలో నన్ను చూసి లేచిన యజమాని లేడు. ఇడ్లీలు తెప్పించాడు. మా ఊళ్ళో ఎవరెవరు బాగున్నారో పేరుపేరునా అడిగాడు.

ఇడ్లీ తినడం కాగానే నేను నిలబడ్డాను. "సేటూ, మేం వచ్చిన మాట..."

"మాటలేడికి పోతయక్కా. జరసేపు పైకి రాండ్రి, అమ్మ మిమ్ముల చూడాలంటుంది."

పైన హాలులో ఉతికిన తెల్ల ధోవతి పరిచి ఉంది. రెండు పెద్ద గిన్నెల్లో పిండి కలిపి ఉంది. గోడ వెంబడి చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్న నలుగురు పనిపిల్లలు కూర్చుని ఉన్నారు. సేటు తల్లి, నడుము వంగిన ముసలమ్మ, పసుపు కుంకుమ పళ్ళెం పట్టుకుని నాకు ఎదురొచ్చింది.

"రా బిడ్డా. మన దిక్కు మనుషులను చూసి ఎన్నొద్దులాయె. గౌరమ్మను వెట్టు."

"అమ్మా, ఒక మాట మాట్లాడి..."

"పిండి ఆరిపోతుంది బిడ్డా."

పిండి నిజంగానే ఆరిపోతోంది. పైపొర తెల్లబడడం కనబడుతోంది. ఆరిన పిండిని చూస్తూ నిలబడడం నాకు చేతకాదు. ముసలమ్మ నా నుదుట బొట్టు పెట్టింది. నా చెయ్యి పిండిలోకి పోయింది. గౌరమ్మను చేసి మూలన కూర్చోబెట్టి దండం పెట్టుకున్నాను. ఎల్లవ్వ అప్పటికే ఆ పక్క కూర్చుంది.

అంతే. పొద్దుగూకేదాకా లేవలేదు. ఒక గిన్నె అయిపోతే ఇంకొకటి వచ్చింది. సేటు నాలుగుసార్లు వచ్చి, "అబ్బ, ఏం చెయ్యక్కా!" అని పోయాడు. వచ్చిన ప్రతిసారీ నా మాట నాలుక చివరికి వచ్చేది. గౌరమ్మ వైపు చూసి మింగేదాన్ని. పనిపిల్లలు మా వేళ్ళ వంకే చూస్తున్నారు. వాళ్ళను ఎందుకు కూర్చోబెట్టారో అప్పుడు తట్టలేదు.

పిండి అయ్యాక సేటు తానే మాట మొదలుపెట్టాడు. అది కూడా ఎంత మర్యాదగా!

"అక్కా, నేనొకటి అనుకుంటున్న. మీరిద్దరు ఈడనే ఉండుండ్రి. ఈ పిల్లలకు నేర్పుండ్రి. డాబా మీద రూం ఉంది, కిరాయి లేదు. తిండి మాదే. మీ ఇంట్ల ఉన్నట్టే."

"మేం పదిమందిమి సేటూ. పని ఊళ్ళెనే..."

"పదిమందితోని నేనేం చేస్త అక్కా? సరే, రేపు మాట్లాడుదాం. పొద్దటి నుంచి కూసున్నరు, అలిసిపొయ్యిన్రు."

అలసిపోయిన మాట నిజం. కాళ్ళు మొద్దుబారి మెట్లు కూడా సరిగ్గా కనబడలేదు. నేను కిందికి దిగి చూస్తే ఎల్లవ్వ వెనక లేదు. కాసేపటికి డాబా మీద నుంచి వచ్చింది.

"యాడికి పొయ్యినవే?"

"రూం చూసొచ్చిన. తలుపుకు గడియ లేదు" అంది.

"మంచిదే. మనమేమన్న ఉండేదా" అన్నాను.

మళ్ళీ చిక్కడపల్లి

మర్నాడు మాట పూర్తయ్యేదాకా కూర్చోకూడదని గట్టిగా అనుకుని వెళ్ళాను. సేటు దుకాణంలో లేడు, వస్తాడన్నారు. పైన ధోవతి పరిచి ఉంది. పిండి కలిపి ఉంది. నిన్నటి కంటే ఒక గిన్నె ఎక్కువ. ముసలమ్మ పళ్ళెంతో నిలబడి ఉంది. ఆమె మొహంలో కపటం లేదు. ఎవరో బతికున్నప్పటి ముచ్చట్లు చెబుతూ నా చెయ్యి పట్టుకుంది. నేనేం చేయను? గౌరమ్మను పెట్టాను.

మధ్యాహ్నం దాటాక సేటు గొంతు మెట్ల మీద వినిపించింది. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"ఏం పరేషాన్ గాకన్నా. మన దిక్కు ఆడోళ్ళు గౌరమ్మను వెట్టిన్రంటే పిండి ఒడిసేదాక లెవ్వరు. కూలి మాట గూడ ఎత్తరు. అందుకే బియ్యం ఎక్కువ నానవోపిస్తున్న. పది పదిహేను దినాలైతే మన పిల్లలకు చెయ్యి తిరుగుతది. ఆ తర్వాత ఎవరి ఊరికి వాళ్ళు."

నా వేళ్ళ మధ్య పిండి తెగిపోయింది. ఎల్లవ్వ తలెత్తి నన్ను చూసింది. ఆమెకూ వినిపించింది. ఆమె వేళ్ళు మాత్రం ఆగలేదు.

అతను నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టిన యజమానులను చాలామందిని చూశాను, మర్చిపోయాను. ఇతను నా దేవతను నాకు కాపలా పెట్టాడు. మా అమ్మ నేర్పిన ఆచారం అతనికీ వాళ్ళమ్మే నేర్పింది. నేను దండం పెట్టడం నేర్చుకున్నాను. అతను దాంతో తలుపు వేయడం నేర్చుకున్నాడు.

అంత తెలిసీ లేవలేదు నేను. అది రాయడానికే నాకు కష్టంగా ఉంది. పిండి అయ్యేదాకా చుట్టి, అప్పుడు లేచాను.

"ఎల్లవ్వా, పద."

"నూనె కాగుతుంది అక్కా. ఇవి గోలిచ్చి వస్త. నువ్వు పో" అంది.

నారాయణగూడ

సుజాత కోచింగ్ నారాయణగూడలో. క్లాసు వదిలే వేళకు నడుచుకుంటూ వెళ్ళాను. ఫ్లైఓవర్ కింద చెప్పు తెగింది. ఒక కాలికి చెప్పుతో, ఇంకో చెప్పు చేత్తో పట్టుకుని ఆమె కోసం నిలబడ్డాను. పట్నంలో ఇదొక సుఖం, నన్నెవరూ చూడలేదు. సుజాత వచ్చి, చెప్పు కుట్టించి, ఇరానీ చాయ తాగించింది. అందులో ఉప్పుగా తియ్యగా ఉండే బిస్కెట్టు ముంచుకుని తింటూ జరిగింది చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది, ఇంగ్లిషులో ఏదో తిట్టింది. తిట్టడం తప్ప ఆమె దగ్గరా ఏమీ లేదు.

తిరిగి వస్తుంటే ఒక సందులో జామకాయలమ్మే ఆమె కనిపించింది. పాలమూరు దిక్కు మనిషి. నెత్తి మీద నిండు గంప. మూడో అంతస్తు మీద నుంచి ఒక ఇల్లాలు వంగి, "ఏయ్ అమ్మా, దించు, చూస్తాను" అని పిలిచింది.

"చూసుడెందుకమ్మా, జామకాయలే. ఎన్ని కావాలె, ఎంతకు కావాలె, ఆణ్నుంచే చెప్పు."

"దించితే కదా చెప్పేది!"

"చెప్తే గద దించేది!"

ఇల్లాలు లోపలికి పోయింది. ఈమె కదల్లేదు. నేనూ సుజాతా కూడా ఊరికే నిలబడిపోయాం. కాసేపటికి ఇల్లాలు మళ్ళీ వంగి రేటు చెప్పింది. ఈమె ఇంకో రేటు చెప్పింది. మాట కుదిరాకే గంప నేలకు దిగింది.

అమ్మకం అయ్యాక నేను అడిగాను. "మెడ నొస్తలేదా అక్కా?"

"నొయ్యకుంటే? రాయితోని చేసిన్రా నన్ను?" అంది. ఒక పచ్చి జామకాయ నా చేతిలో పెట్టింది. "నెత్తి మీద ఉన్నంతసేపు సరుకు నాది. దించిన్నంటే వాళ్ళ వాకిట్లుంది. ఎంతంటే అంతకు ఇడిసిపెట్టి పోవాలె. మళ్ళ ఎవరెత్తుతరు ఇంత బరువు? ఒక్కదాన్ని."

హాస్టల్ దాకా నడుస్తూనే ఆ జామకాయ ఉప్పు లేకుండానే తినేశాను.

ఎల్లవ్వ నా కన్నా ముందే వచ్చి, మొహం కడుక్కుని కూర్చుని ఉంది. ఒళ్ళంతా నూనె వాసన. ఆమె పక్కన కూర్చుని చెప్పాను.

"రేపు గౌరమ్మను వెట్టకముందే మాట. నువ్వు నా పక్కన నిలవడు. కూసోకు. ఇద్దరం నిలవడితే ఆయన చేతుల ఏం లేదు, పిండి తప్ప."

"గౌరమ్మను నిలవెట్టి బేరం చేస్తవా అక్కా?"

"నిలవెడ్తలేను. మాట కుదిరేదాక చెయ్యనే చెయ్య."

ఆమె తన వేళ్ళు చూసుకుంది. "నువ్వు మాట్లాడే మాట నువ్వు మాట్లాడు" అంది.

సరే అన్నట్టే నాకు వినిపించింది.

చిక్కడపల్లి, చివరిసారి

ముసలమ్మ పళ్ళెం తెచ్చింది. నేను పళ్ళెం అందుకుని చేతిలోనే పట్టుకున్నాను.

"అమ్మా, గౌరమ్మ జరసేపు ఆగుతది. సేటును పిలువుండ్రి."

ముసలమ్మ మొహం వాడిపోయింది. ఏదో అపచారం జరిగినట్టు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సేటు పైకి వచ్చి, పిండి చూశాడు, నా చేతిలో పళ్ళెం చూశాడు. అతనికి వెంటనే అర్థమైంది. అది నాకు నచ్చింది.

"చెప్పక్కా" అన్నాడు.

చెప్పాను. పని ఊళ్ళోనే. పదిమందిమి చేస్తాం. ఏ రోజుకు ఎంత కావాలో ముందు చెప్పాలి. బండి ఆయనది.

"కుదరదక్కా. బండ్ల వస్తే సకినాలు పగుల్తయి. పగిలినవి ఎవరు కొంటరు?"

"మా ఆడపిల్లల సారె బస్సుల మీద ఎక్కడెక్కడికో పోతది సేటూ. బొంబాయి దాక పొయ్యింది. పగల్లే."

"రోజూ పంపుడంటే కుదరదు."

నేను నోరు మూసుకుని అతని మొహమే చూశాను. కింద సందులో ఎవరో కొత్తిమీర కట్టలు అమ్ముతున్న కేక వినబడుతోంది. పిండి ఆరుతోంది. ఆరనిచ్చాను. జీవితంలో మొదటిసారి తడిపిండిని ఆరనిచ్చాను. అతను గిన్నెలోకి చూశాడు. ఆర్డర్లున్నాయి, నాకు తెలుసు. చుట్టే చేతులు ఆ ఇంట్లో మా నాలుగే. అతను నోరు తెరిచాడు. రెండు రోజులకోసారి బండి అని అనబోతున్నాడని నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం.

అనలేదు. నా పక్కకు తిరిగి, "నువ్వేమంటవ్ చెల్లే?" అన్నాడు.

ఎల్లవ్వ అతని మొహం చూస్తూ కాసేపు ఊరుకుంది. అచ్చం ఆ పిల్లలు నేర్పినట్టే.

"గడియ బిగిచ్చినవా?" అంది.

"పొద్దుగాలనే బిగిపిచ్చిన. లోపటికెల్లి. పొయ్యి చూసుకో."

ఆమె మెట్లెక్కి పైకి పోయింది. మేమంతా హాలులోనే నిలబడి ఉన్నాం. డాబా మీద గడియ పడిన చప్పుడు వినిపించింది. తీసిన చప్పుడు వినిపించింది. మళ్ళీ పడింది. ఆ రెండోసారి చాలాసేపు తీయలేదు.

దిగి వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుంది. నా చేతిలో పళ్ళెం తీసుకుంది. నేను ఇచ్చానో, ఆమే తీసుకుందో చెప్పలేను.

"ఎల్లవ్వా, పదిమందే. మనం పదిమందిమి" అన్నాను.

"మీ పదిమందికి ఇండ్లున్నయక్కా" అంది. "పదిహేనేండ్లాయె, నేను పండుకున్నంక ఎవరన్న నా మీదికెల్లి నడిచిపోకుండ ఒక్క దినం లేదు."

కూర్చుంది. పిండి తీసుకుని, నీళ్ళు చల్లి, మెత్తగా చేసి, గౌరమ్మను చేసింది. బట్ట మీద పెట్టింది.

ఇక లేవదు. నాకు తెలుసు. సేటుకూ తెలుసు. ఆమెతో మాట్లాడడానికి కూడా లేదు. గౌరమ్మ ముందు మాటలు కూడవు.

నూనె దగ్గర ఉండిపోయిన సాయంత్రం ఆమె ఈ బేరం చేసుకుందన్నమాట. పది పదిహేను దినాల తర్వాత ఎవరి ఊరికి వాళ్ళు అన్న మాట ఆమె కూడా విన్నది, నేను విన్నట్టే. విని కూడా చేసుకుంది. ఎన్ని రోజులుంటే అన్ని రోజులు గడియ ఉంటుందని అనుకుందేమో. అడగలేదు నేను.

తిరుగు బస్సు

సేటు కింది దాకా వచ్చి సాగనంపాడు. "మనసుల ఏం పెట్టుకోకక్కా. నువ్వు మంచిగ మాట్లాడినవ్" అన్నాడు. అది పొగడ్తే. గెలిచినవాడు ఓడినవాళ్ళను మెచ్చుకోవడం ఎంత సులభమో అప్పుడు చూశాను. దారిలో తినమని ఒక పొట్లం చేతిలో పెట్టాడు. మేము చుట్టిన సకినాలే.

పొట్లం మీద రంగు కాగితం అంటించి ఉంది. పక్క సీటులో కాలేజీ కుర్రాణ్ని ఏం రాశారో చదవమన్నాను. దుకాణం పేరు చదివి, కింద చిన్న అక్షరాలు చదివాడు: "మా అమ్మ చేతి సకినాలు."

మా ఊరి రోడ్డు సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఆ గుంతల్లో బస్సు ఎగిరెగిరి పడింది. ఇంటికి వచ్చి పొట్లం విప్పి చూశాను. ఒక్కటి కూడా పగల్లేదు.

సంఘంలో మిగతా ఎనిమిదిమందీ వచ్చి కూర్చున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న, బండి గురించి కాదు. "ఎల్లవ్వ ఏది?" చెప్పాను. ఆ తర్వాత ఏం జరిగిందో మొదట్లోనే రాశాను. ఆ పూట నేను కూడా తిట్టాను, అందరి కన్నా గట్టిగా. పడుకునే ముందు వసారాలోకి వెళ్ళి ఆమె చాప చుట్టబోయాను. నేను అక్కడ నిలబడి ఉండగానే మా ఆయన దొడ్లోకి పోతూ ఆ చాప మీదుగా నడిచి వెళ్ళాడు. ఆయన తప్పు కాదు. దారి అదే.

మర్నాడు పొద్దున

సరోజనమ్మ గారి బిడ్డకు సారె. పట్నం వెళ్ళకముందే కబురు చేసి పెట్టారు. వాళ్ళింట్లో ముప్ఫై ఏళ్ళుగా సకినాలు చుట్టింది మేమే, ఎల్లవ్వా నేనూ.

వాకిట్లోకి వెళ్ళి, గడప ఇవతలే ఆగి, చేతులు వెనక్కి కట్టుకున్నాను. లోపల ధోవతి పరిచి ఉంది. పిండి గిన్నె మీద తడిగుడ్డ కప్పి ఉంది.

"ఏందే లచ్చవ్వా, ఆడనే నిలవడ్డవ్? రా, పిండి ఆరుతుంది" అంది సరోజనమ్మ.

"ముందు ఒక మాటున్నదమ్మా."

"ఏం మాట?"

"కూలి మాట. ఇద్దరి కూలి ఇయ్యాలె. ఎంతో ఇప్పుడే చెప్పాలె."

"గౌరమ్మ ముందట గవేం మాటలే!"

"గౌరమ్మ ఇంక కూసోలేదమ్మా."

"ఇద్దరేది? ఎల్లవ్వ రాలే?"

"ఆమె పని గూడ నేనే చేస్త."

"ఒక్క మనిషికి ఇద్దరి కూలి ఎవరిస్తరే?"

నేను ఊరుకున్నాను. ఆమె మొహమే చూశాను. ఆమె పిండి వైపు చూసింది, నా వైపు చూసింది. ఇంట్లోకి చూసింది, ఎవరైనా వచ్చి నాకు బుద్ధి చెబుతారేమోనని. ఎవరూ రాలేదు.

"పట్నం పొయ్యి చెడిపొయ్యినవే నువ్వు" అంది.

"అవునమ్మా" అన్నాను. మళ్ళీ ఊరుకున్నాను.

చివరికి ఆమే చెప్పింది. అది చాలదని నేను ఇంకొకటి చెప్పాను. ఒప్పుకుంది. ముప్ఫై ఏళ్ళు అడగని మాటకు అన్నం ఉడికేంత సేపు కూడా పట్టలేదు.

అప్పుడు గడప దాటాను. కాళ్ళు కడుక్కుని, గౌరమ్మను చేసి, మూలన కూర్చోబెట్టాను. నా పక్క సగం బట్ట నిండేదాకా చుట్టాను. నడుమకు వచ్చాక వేళ్ళు అలవాటుగా ఆగాయి, అవతలి వరస ఎంతదాకా వచ్చిందో చూసుకోవడానికి. అవతల బట్ట తెల్లగా ఉంది.

లేవకూడదు. కూర్చున్న చోటు నుంచే, పిండి గిన్నెను పక్కన ఈడ్చుకుంటూ, కొంచెం కొంచెంగా బట్ట చుట్టూ జరిగాను. ఎల్లవ్వ కూర్చునే వైపు చేరి, ఆ సగం మొదలుపెట్టాను.